మిషన్ చేయని పని

రియాద్‌లో నేను బేకరీలో రాత్రి డ్యూటీ చేసేవాణ్ణి. చీకటి పడ్డాక పిండి కలపడం మొదలుపెడితే ఫజర్ నమాజు వేళకు సమూలి రొట్టెలు, ఖుబ్జ్ ప్యాకెట్లు వ్యాన్లకు ఎక్కాలి. పొద్దు పొడిచాక రూముకు చేరేవాళ్లం. గదిలో పగలు పడుకునేవాళ్లే ఎక్కువ కాబట్టి కిటికీ అద్దాలకు వెండి కాగితం అంటించి ఉండేది. బయట జూన్ ఎండ నలభై అయిదు డిగ్రీలు దాటినా మాకు వినిపించేది ఏసీ చప్పుడే. శుక్రవారం సాయంత్రం బత్హా బజారుకు వెళ్తే కోరుట్ల, మెట్‌పల్లి, ఆర్మూర్, సిరిసిల్ల వాళ్లు కనిపించేవారు. ఊరి ముచ్చట్లు చెప్పుకొని, ఇంటికి డబ్బు పంపి, మళ్లీ రాత్రికి పనిలోకి.

మాది కోరుట్ల దగ్గర పల్లె. ఇంటామె బీడీలు చేస్తుంది. పిల్లలిద్దరూ చదువుకుంటున్నారు. ఇప్పుడు నేను ఇంటి దగ్గరే ఉన్నాను, వారానికి మూడు రోజులు డయాలసిస్‌కు పోతాను. గల్ఫ్‌లో మిషన్ మీద ఉన్న మనవాళ్లకూ, వాళ్ల రిపోర్టులు ఫోన్లో తెప్పించుకుని చూసే పిల్లలకూ ఒక సంగతి తెలియాలని ఇది రాస్తున్నాను. డయాలసిస్ మిషన్ కిడ్నీ చేసే పనుల్లో కొన్నే చేస్తుంది. మిగిలిన పని మీద ఎవరి కన్నూ లేకపోతే లోపల ఎముకలు గుల్లబారిపోతాయి. నాకు అదే జరిగింది.

షుగర్ నాకు చాలా ఏళ్లుగా ఉంది. మొదట గోలీలు, తర్వాత ఇన్సులిన్. మమ్మల్ని పంపే క్లినిక్‌లో వేలు గుచ్చి షుగర్ చూసేవారు, బీపీ చూసేవారు, మందులు రాసి పంపేవారు. మూత్రంలో ప్రొటీన్ పోతోందా అన్న పరీక్ష గానీ, రక్తంలో క్రియాటినిన్ గానీ ఎప్పుడూ రాయలేదు. షుగర్ ఉన్నవాళ్లకు ఏటా ఆ రెండు పరీక్షలూ చేయాలని డయాలసిస్ కుర్చీలో కూర్చున్నాక తెలిసింది నాకు. సౌదీలో 20,000 మందికి పైగా డయాలసిస్ మీద ఉన్నారు. వాళ్లలో ఎక్కువమందిని అక్కడికి తెచ్చినవి షుగరు, బీపీలే.

కాళ్లకు నీరు పట్టింది. రాత్రంతా నిలబడే పని కదా అనుకున్నారు అందరూ. అన్నం వాసన పడక వాంతులయ్యేవి. ఒక రాత్రి ట్రేలు మోస్తుంటే ఊపిరి ఆడలేదు. కూర్చుంటే కాస్త ఆడుతోంది, పడుకుంటే ఆగిపోతోంది. తోటి పనివాళ్లు కారులో ఎమర్జెన్సీకి తీసుకుపోయారు. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది, పొటాషియం పెరిగింది అన్నారు. మెడ దగ్గర నరానికి గొట్టం వేసి అప్పటికప్పుడు మిషన్‌కు తగిలించారు. ఆ రాత్రి బతికాను. ఆ గొట్టం వేసిన డాక్టరుకు, నన్ను మోసుకెళ్లిన బంగ్లాదేశ్ తమ్ముళ్లకు నేను రుణపడి ఉంటాను.

తర్వాత ఎడమ చేతికి ఫిస్టులా ఆపరేషన్ చేశారు. రెండు నరాలు కలిపి కుట్టి, ఆ నరం లావెక్కేదాకా కొన్ని వారాలు ఆగి, అప్పుడు దానికే రెండు పెద్ద సూదులు గుచ్చుతారు. ఒక దాన్నుంచి రక్తం బయటికి, రెండో దాన్నుంచి లోపలికి. వారానికి మూడు సార్లు, నాలుగేసి గంటలు. ఫిస్టులా ఉన్న చేతితో బరువు ఎత్తకూడదు, ఆ చేతికి బీపీ పట్టీ కట్టనివ్వకూడదు, ఆ చేతి మీద తల పెట్టి పడుకోకూడదు. బేకరీ పని చేసేవాడికి ఒక చెయ్యి పోయినట్టే లెక్క. నన్ను పొయ్యి దగ్గరి నుంచి ప్యాకింగ్‌కు మార్చారు.

మొదట్లో అందరికీ సంతోషమే. ముఖం వాపు దిగింది, ఆయాసం పోయింది. ఇంటామె ఫోన్లో "మంచిగైతున్నవు, రంగు తేలినవు" అనేది. ఊళ్లో కూడా "మిషన్ మీద ఉన్నడు, ఇగ భయం లేదు" అనుకున్నారు. నాకూ ఆ మాట మీద ఆశ ఉండేది.

నొప్పులు నెమ్మదిగా వచ్చాయి. ముందు మడమలు. తర్వాత మోకాళ్ల కింద ముందువైపు ఎముక. వేలితో నొక్కితే ప్రాణం పోయేది. కింద కూర్చుని అన్నం తిని లేవాలంటే పక్కవాడి భుజం పట్టుకోవాలి. మెట్లు ఎక్కాలంటే తొడల్లో సత్తువ లేదు. ఒళ్లంతా దురద. దద్దురు లేదు, పుండు లేదు, చర్మం కింద ఎక్కడో పుట్టే దురద. వీపు గోడకు రాసుకుని రాసుకుని రక్తం వచ్చేది. రాత్రి కాళ్లు ఒకచోట నిలిచేవి కావు. పని నుంచి వచ్చి పడుకున్న గదివాళ్లకు నా వల్ల నిద్ర పాడవుతోందని బయట కారిడార్‌లో తిరిగేవాణ్ణి. వాళ్లు ఒక్కనాడూ ఒక్క మాట అనలేదు.

డయాలసిస్ సెంటర్‌లో చెప్తే కాల్షియం గోలీ, నొప్పుల మాత్ర. అప్పటి సెంటర్‌లో ప్రతి నెలా రక్తం తీసేవారు, కానీ హిమోగ్లోబిన్, పొటాషియం, క్రియాటినిన్ గురించి తప్ప ఎవరూ మాట్లాడేవారు కాదు. దుమ్ముగాలి లేచిన ఒక రోజు దగ్గు పట్టుకుంది. దగ్గుతుంటే పక్కటెముకలో ఏదో చిట్లినట్టు అయింది. ఎక్స్‌రే తీస్తే ఎముక విరిగింది. ఎక్కడా పడలేదు, ఎవరూ కొట్టలేదు, దగ్గుకే విరిగింది. అప్పుడు భయం వేసింది. నా వయసులో మా నాయిన మోట కొట్టేవాడు.

ఇన్సూరెన్స్ వాళ్లు సెంటర్ మార్చడం నా అదృష్టం. కొత్త చోట సూడాన్ డాక్టరు, కొట్టాయం నుంచి వచ్చిన ఒక సిస్టర్. ఆమెకు హిందీ వచ్చు, నాకు కొంచెం వచ్చు. డాక్టరు నన్ను కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవమన్నాడు. లేవలేకపోయాను. కాలి ఎముక నొక్కి చూశాడు. నాలుగు పరీక్షలు రాశాడు: కాల్షియం, ఫాస్ఫరస్, పీటీహెచ్ అనే హార్మోన్, విటమిన్ డి. ఈ నాలుగూ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి, ఒకటి చూసి ఒకటి వదిలేస్తే మోసపోతాం అని సిస్టర్ చెప్పింది.

విటమిన్ డి 22 వచ్చింది. పీటీహెచ్ 128. ఫాస్ఫరస్ 2.4. ఆ కాగితం ఫొటో తీసి ఊళ్లో మా బామ్మర్దికి పంపాను. అతను మాకు తెలిసిన ఆర్ఎంపీకి చూపించాడు. ఆయన చూసి, డి కొంచెమే తగ్గింది, పీటీహెచ్ ఫరవాలేదు, ఫాస్ఫరస్ అయితే తక్కువే ఉంది, మంచిగ తినమను అన్నాడట. రియాద్‌లో డాక్టరు మూడూ ప్రమాదంలో ఉన్నాయంటాడు, ఊళ్లో ఆయన ఫరవాలేదంటాడు. ఎవరి మాట నమ్మాలి?

సిస్టర్ ఆ ముడి విప్పింది. సౌదీలో చాలా ల్యాబుల్లో కొలతలు వేరు. విటమిన్ డి అక్కడ లీటరుకు నానోమోల్స్‌లో రాస్తారు, మన దగ్గర మిల్లీలీటరుకు నానోగ్రాముల్లో. అక్కడి అంకెను రెండున్నరతో భాగిస్తే మన అంకె వస్తుంది. నా 22 మన లెక్కలో 9 కూడా లేదు. 20 కన్నా తక్కువైతే లోపం కింద లెక్క. పీటీహెచ్ అక్కడ పికోమోల్స్‌లో ఉంటుంది, దాన్ని 9.4తో గుణించాలి. నా 128 అంటే మన ల్యాబు లెక్కలో 1,200. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు 65 దాకా ఉండొచ్చు. డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు మామూలు గరిష్ఠానికి రెండు రెట్ల నుంచి తొమ్మిది రెట్ల మధ్య ఉంచాలని 2017 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్తాయి. నాది ఆ హద్దు దాటి రెట్టింపు. ఫాస్ఫరస్ 2.4ను 3.1తో గుణిస్తే 7.4. కొలత చూడకుండా అంకె చదివితే ప్రమాదంలో ఉన్నవాడు ఆరోగ్యవంతుడిగా కనిపిస్తాడు. రెండు దేశాల మధ్య వైద్యం చేయించుకునే మనలాంటివాళ్లకు ఇది ప్రాణానికి సంబంధించిన సంగతి. షుగర్ కూడా అంతే, లీటరుకు మిల్లీమోల్స్‌లో 10 అని ఉంటే మన లెక్కలో 180.

బత్హాలో ఒక తెలుగు ల్యాబ్ టెక్నీషియన్ ఉండేవాడు. శుక్రవారాలు కలిసేవాడు. నా కాగితం చూపిస్తే ఆయన ఇంకో సంగతి చెప్పాడు. రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని 1925లో అమెరికాలో ఫిస్కే అనే ఆచార్యుడితో కలిసి ప్రపంచానికి ఇచ్చింది భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారట. దాని పేరే ఫిస్కే-సుబ్బారావు పద్ధతి. ఈనాటి యంత్రాలు కూడా ఫాస్ఫరస్‌ను మాలిబ్డేట్‌తో కలిపి కొలిచే ఆ దారిలోనే నడుస్తాయని చెప్పాడు. ప్రపంచమంతా డయాలసిస్ రోగులకు జరిగే ఈ పరీక్ష వెనక మన మనిషి ఉన్నాడని తెలిసి ఆ రాత్రి చాలాసేపు ఆయన గురించే ఆలోచించాను.

ఎండకు కొదవలేని దేశంలో ఉండి నాకు ఎండ విటమిన్ ఎందుకు లేదు? డాక్టరును అడిగాను. రాత్రి పని, పగలు నిద్ర అని నా సంగతి ఆయనకు తెలుసు. ఎండలో విటమిన్ తయారు చేయించే కిరణాలు అద్దంలోంచి రావు, బట్టలోంచి రావు. నల్లటి చర్మానికి తెల్ల చర్మం కన్నా ఎక్కువసేపు ఎండ కావాలి. ఆ కిరణాలు బలంగా ఉండేది నడి మధ్యాహ్నం. సౌదీలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా పన్నెండు నుంచి మూడు వరకు బయట పని చేయించకూడదని చట్టం. వడదెబ్బ నుంచి ప్రాణం కాపాడే మంచి చట్టం అది. మిగతా వేళల్లో బయట పనిచేసే మేస్త్రీలు కూడా తలకు గుడ్డ, చేతులకు తొడుగులు, ముఖానికి మాస్కు. ఒళ్లు దాచుకోకపోతే ఆ ఎండకు బతకలేరు.

నా పక్క కుర్చీలో ఒక సౌదీ ముసలాయన వచ్చేవాడు. చిన్నప్పుడు ఒంటెల వెంట ఎడారి తిరిగిన మనిషి. ఆయనకు కూడా విటమిన్ డి తక్కువే. ఆ దేశంలో ఇది కొత్త కాదట. 1980ల మొదట్లోనే కింగ్ సౌద్ యూనివర్సిటీ పరిశోధకులు రియాద్‌లో ఆరోగ్యంగా ఉన్న జనాన్ని పరీక్షించి, అంత ఎండలోనూ ఈ విటమిన్ తక్కువగా ఉందని రాశారు. ముసలాయన నన్ను "యా వలదీ" అని పిలిచేవాడు, నా కొడకా అని. ఖర్జూరాలు తెచ్చి ఇవ్వబోయి, పొటాషియం సంగతి గుర్తొచ్చి సంచిలో పెట్టేసుకునేవాడు. మా ఇద్దరికీ అవి విషమే.

ఎండ తగలకపోవడం సగం కథే. డయాలసిస్ వాళ్లకు అసలు దెబ్బ వేరే చోట ఉంది. చర్మంలో తయారైన విటమిన్ డి అలాగే పనికిరాదు. లివర్‌లో ఒకసారి మారుతుంది, అది నిల్వ ఉండే రూపం, మన రిపోర్టులో కనిపించేది దాని అంకె. తర్వాత కిడ్నీలో ఇంకోసారి మారితేనే పేగుల్లోంచి కాల్షియాన్ని లాగే మందు అవుతుంది. ఆ చివరి పని జరిగేది కిడ్నీలోనని 1970లో కేంబ్రిడ్జ్‌లో ఫ్రేజర్, కోడిచెక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కనిపెట్టారు. కిడ్నీ చెడితే ఆ మార్పు ఆగిపోతుంది. మిషన్ యూరియా తీస్తుంది, పొటాషియం తీస్తుంది, నీరు లాగుతుంది. విటమిన్ డికి ప్రాణం పోయదు.

ఇంకోవైపు ఫాస్ఫరస్. తిన్న ఫాస్ఫరస్‌ను రోజూ బయటికి పంపేది కిడ్నీ. వారానికి పన్నెండు గంటల మిషన్ దాన్ని పూర్తిగా తీయలేదు. అది పెరిగేకొద్దీ ఉన్న కాస్త విటమిన్ డి తయారీని కూడా శరీరం తగ్గించేస్తుంది. రక్తంలో కాల్షియం పడిపోతుంది. మెడలో థైరాయిడ్ వెనక బియ్యపు గింజంత గ్రంథులు నాలుగు ఉంటాయి, అవి పీటీహెచ్ అనే హార్మోన్ వదులుతాయి. కాల్షియం తగ్గిందని తెలియగానే ఆ హార్మోన్ ఎముకల్లోంచి కాల్షియం తోడి రక్తంలో పోస్తుంది. ఏళ్ల తరబడి ఆ పని చేసి చేసి గ్రంథులు ఉబ్బిపోతాయి. ఎముక బలహీనపడుతుంది, తోడిన కాల్షియం పెరిగిన ఫాస్ఫరస్‌తో కలిసి రక్తనాళాల గోడల్లో పేరుకుంటుంది. డయాలసిస్ వాళ్లలో గుండెపోట్లు ఎక్కువగా ఉండడానికి అదొక కారణం. నా దురదకు, నా మడమ నొప్పికి, దగ్గుకు విరిగిన పక్కటెముకకు మూలం ఇదీ. సిస్టర్ ఇదంతా ఒక కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. ఆ కాగితం ఇప్పటికీ నా ఫైల్లో ఉంది.

వైద్యం ఒక వరుసలో జరిగింది. ముందు ఫాస్ఫరస్ దించాలి. అది ఎక్కువగా ఉండగా పనిచేసే రూపంలోని విటమిన్ డి ఇస్తే, పేగులు కాల్షియంతో పాటు ఫాస్ఫరస్‌నూ ఇంకా లాగుతాయి. అందుకని ఫాస్ఫరస్‌ను పట్టే గోలీలు ఇచ్చారు. అవి అన్నంతోనే, ముద్దల మధ్యలో వేసుకోవాలి. తిన్న గంటకు వేసుకుంటే మట్టిలో పోసినట్టే, ఎందుకంటే అవి పట్టాల్సింది తిండిలోని ఫాస్ఫరస్‌నే. నిల్వ విటమిన్ డి వారానికోసారి ఇచ్చారు. ఫాస్ఫరస్ దారికొచ్చాక వన్ ఆల్ఫా మొదలుపెట్టారు. కిడ్నీ చేయాల్సిన మార్పు ముందే చేసి ఇచ్చే మందు అది. పీటీహెచ్ మొండికేస్తే ఆ గ్రంథిని అణిచే ఇంకో గోలీ. ప్రతిసారీ కాల్షియం చూసే మోతాదు మార్చేవారు.

ఈ మధ్యలో ఇంటి నుంచి ఒక పొట్లం వచ్చింది. సెలవు మీద వెళ్లి వస్తున్న మెట్‌పల్లి అతని చేత మా బామ్మర్ది ఆరు లక్షల యూనిట్ల విటమిన్ డి ఇంజెక్షన్లు పంపించాడు. "ఒక్కటి పొడిపించుకుంటే ఎముకలు ఇనుమైతయట బావా" అన్నాడు ఫోన్లో. నా కోసం ప్రాణం కొట్టుకుంటోంది కాబట్టే పంపాడు. నేను వాటిని డాక్టరు బల్ల మీద పెట్టాను. ఆయన చూసి, నీకు ఇప్పటికే కాల్షియం గోలీలు, వన్ ఆల్ఫా నడుస్తున్నాయి, దాని మీద ఇంత మోతాదు ఒకేసారి పడితే కాల్షియం పెరిగి గుండెకు చేటు, ఒంట్లో చేరింది వారాలకు గానీ దిగదు అన్నాడు. ఊళ్లలో ఈ ఇంజెక్షన్ మంచినీళ్లకన్నా తేలిగ్గా దొరుకుతుంది. డయాలసిస్ మీద ఉన్నవాళ్లు మిషన్ డాక్టరుకు చెప్పకుండా దాన్ని ముట్టకూడదు.

తిండి దగ్గర నాకు తెలిసినవన్నీ తలకిందులయ్యాయి. మా గదిలో అందరిదీ ఒకే మెస్. పప్పు వల్లే ఫాస్ఫరస్ పెరిగిందని నేను పప్పు మానేస్తుంటే డైటీషియన్ వేరే మాట చెప్పింది. పప్పులో ఉండే ఫాస్ఫరస్‌లో సగం కూడా ఒంటికి పట్టదట. రాత్రి పనిలో ఆకలికి మేం ఖుబ్జ్‌లో పెట్టుకు తినే త్రికోణం చీజ్ ముక్కలు, నల్లటి కూల్‌డ్రింకులు, ఉప్పు ఎక్కించి నిల్వ ఉంచే కోడి మాంసం, వీటిలో కలిపే ఫాస్ఫేట్ దాదాపు మొత్తం రక్తంలోకి పోతుంది. బక్కాలాలో, అంటే అక్కడి కిరాణా కొట్టులో, అన్నిటికన్నా చవగ్గా దొరికేవి అవే. పని మధ్యలో మా అందరి తిండీ అదే. గదివాళ్లు కూరగాయలు తరిగి నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోసి నాకు విడిగా తీసేవారు, పొటాషియం పోవడానికి. గుడ్డులో తెల్లసొన నాకు, పచ్చసొన వాళ్లకు. తెల్లసొనలో ప్రొటీన్ ఎక్కువ, ఫాస్ఫరస్ తక్కువ. మా గదికి అదే మందు.

ప్రొటీన్ మాట ఎందుకంటే, నేను అప్పటికి బాగా సన్నబడ్డాను. చూసినవాళ్లు "షుగర్ మనిషికి సన్నబడుడు మంచిదే" అనేవారు. డయాలసిస్ మీద ఉన్నవాడికి అది మంచి కాదు. మిషన్ వెంట కొంత ప్రొటీన్ పోతుంది, ఆకలి ఉండదు, కండ కరిగిపోతుంది. నీరు చేరి బరువు కాటా మీద అంతే చూపిస్తుంది. డ్రై వెయిట్, అంటే అదనపు నీరు తీసేశాక ఉండాల్సిన బరువు, దాని లెక్క తగ్గించకపోతే కండ పోయిన చోట నీరు నిలుస్తుంది.

షుగర్ విషయంలోనూ అలాంటి భ్రమే. డయాలసిస్ మొదలయ్యాక నా షుగర్ అంకెలు తగ్గుతూ వచ్చాయి. ఇన్సులిన్ సగం తగ్గించినా తక్కువే. గదిలో సంబరం. ఆరోగ్యవంతుడి కిడ్నీ ఇన్సులిన్‌ను కూడా కొంత కరిగించి బయటికి పంపుతుంది. కిడ్నీ పోయాక పొడుచుకున్న ఇన్సులిన్ ఎక్కువసేపు ఒంట్లో ఉండిపోతుంది. ఒక తెల్లవారుజామున ప్యాకింగ్ బల్ల దగ్గర చెమటలు పట్టి చేతులు వణికి పడిపోయాను. తోటివాడు నోట్లో చక్కెర వేశాడు. షుగర్ మన లెక్కలో 42. మూడు నెలల సగటు అని చెప్పే హెచ్‌బీఏ1సీ నాకు 5.8 వచ్చింది, చూస్తే బంగారం లాంటి అంకె. డాక్టరు దాన్ని నమ్మలేదు. కిడ్నీ రోగికి ఎర్ర కణాలు తొందరగా చచ్చిపోతాయి, రక్తం పెరగడానికి ఇచ్చే ఇంజెక్షన్ వల్ల కొత్త కణాలు వస్తుంటాయి, వాటికి చక్కెర అంటుకునేంత టైం ఉండదు. అందుకే ఆ అంకె తక్కువ చూపిస్తుంది. వేలు గుచ్చి రోజుకు నాలుగుసార్లు చూసి రాయమన్నాడు. ఆ పుస్తకం తెరిస్తే తెల్లవారుజామున 60, మధ్యాహ్నం 260. అదీ నా అసలు షుగర్.

విటమిన్ డి పెరిగితే షుగర్ కూడా బాగవుతుందా అని ఆశగా అడిగాను. ఇన్సులిన్ తయారుచేసే కణాల్లో కూడా ఈ విటమిన్ అంటుకునే చోట్లు ఉన్నాయని, ఇది తక్కువున్న వాళ్లలో ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం ఎక్కువగా కనిపిస్తుందని ఆయన చెప్పాడు. కానీ మాత్ర ఇస్తే అది బాగవుతుందన్న మాట మాత్రం ఇవ్వలేదు. అమెరికాలో షుగర్ అంచున ఉన్న 2,423 మందికి ఇచ్చి చూసిన పెద్ద పరీక్ష 2019లో వచ్చింది, షుగర్ రావడం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదట. జపాన్‌లో డయాలసిస్ రోగులకే వన్ ఆల్ఫా రకం మందు ఇచ్చి చూశారు, 2018లో ఫలితం వచ్చింది, గుండె జబ్బులు తగ్గలేదు. అందులో ఉన్నవాళ్లు నాలాగా పీటీహెచ్ పెరిగినవాళ్లు కాదు. నీకు ఈ మందు నీ ఎముకల కోసం, నీ పీటీహెచ్ కోసం, షుగర్‌కు షుగర్ వైద్యమే చేద్దాం అన్నాడు. ఆశ పెట్టకుండా చెప్పిన ఆ మాటకు ఆయన మీద నా గౌరవం పెరిగింది. విటమిన్ డిని సర్వరోగ నివారిణిగా అమ్మేవాళ్లు ఇక్కడా ఉన్నారు, అక్కడా ఉన్నారు.

నొప్పి ఒక్కరోజులో పోలేదు. కొన్ని నెలలకు దురద సగం తగ్గింది, తర్వాత కింద కూర్చుంటే గోడ పట్టుకుని నా అంతట నేను లేవగలిగాను. దాహం మాత్రం ఎప్పటికీ పోలేదు. మూత్రం రాని మనిషి తాగిన ప్రతి గుక్కా మిషన్ లాగాలి. ఎక్కువ లాగితే కాళ్ల పిక్కలు పట్టేసి కేకలు పెట్టిస్తుంది. బేకరీ వేడిలో నిలబడి, ఎదురుగా చల్లటి నీళ్ల క్యాన్ పెట్టుకుని, ఒక ఐసు ముక్క చప్పరిస్తూ రాత్రి గడపడం ఎంత కష్టమో చెప్పలేను. రంజాన్ నెలలో ఉపవాసం ఉన్న తోటివాళ్లు సాయంత్రం నీళ్లు తాగేటప్పుడు నేను గది బయటికి వెళ్లేవాణ్ణి.

పని చేసే ఓపిక పోయాక కంపెనీ ఒప్పందం పొడిగించలేదు. ఇకామా అనే నివాస అనుమతి ఉంటేనే ఇన్సూరెన్స్, ఇన్సూరెన్స్ ఉంటేనే మిషన్. ఖురూజ్, అంటే దేశం విడిచి వెళ్లే కాగితం, చేతికి వచ్చిన రోజు నుంచి నాకున్న ఆలోచన ఒకటే, ఒక డయాలసిస్‌కూ ఇంకో డయాలసిస్‌కూ మధ్య ఇంటికి చేరాలి. సిస్టర్ నా కన్నా ముందే ఆలోచించింది. డ్రై వెయిట్ ఎంత, రక్తం గడ్డకట్టకుండా ఏ హెపారిన్ ఎంత ఇస్తారు, ఫిస్టులాలో సూది ఎక్కడ గుచ్చుతారు, హెపటైటిస్ బి, సి, హెచ్ఐవీ రిపోర్టులు, ఆఖరి నాలుగు పరీక్షలు, అన్నీ ఒక లెటర్‌లో రాయించి, ప్రతి అంకె పక్కన మన దేశపు కొలతలో దాని విలువ తన చేత్తో రాసి ఇచ్చింది. ఆ వైరస్ రిపోర్టులు లేకపోతే కొత్త సెంటర్‌లో మిషన్ దొరకడం ఆలస్యమవుతుంది. పొద్దున మిషన్ మీద నుంచి దిగి రాత్రికి హైదరాబాద్ విమానం ఎక్కాను. ముసలాయన వీడ్కోలుగా నా నుదుటి మీద ముద్దు పెట్టాడు.

ఇక్కడ ఆరోగ్యశ్రీ కింద డయాలసిస్‌కు డబ్బు కట్టే పని లేదు. 2022 నుంచి తెలంగాణలో డయాలసిస్ రోగులకు 2,016 రూపాయల పింఛను ఇస్తున్నారు. పీటీహెచ్, విటమిన్ డి పరీక్షలు నేను బయట చేయించుకుంటున్నాను. ఫాస్ఫరస్ గోలీలు కొనుక్కుంటున్నాను. మా సెంటర్‌లో పక్క మంచాల వాళ్లలో చాలామంది పీటీహెచ్ అన్న మాటే వినలేదు. మోకాళ్ల నొప్పులని, వాతమని గోలీలు మింగుతున్నారు. అడిగినవాళ్లకు నా ఫైలు తెరిచి సిస్టర్ గీసిన బొమ్మ చూపిస్తున్నాను. మిషన్‌తో పాటు ఈ పరీక్షలను కూడా పథకంలో కలపాలని, మూడు నెలలకోసారైనా చేయాలని నేను కోరుతున్నాను. ఎముక విరిగాక దాని వైద్యానికి అయ్యే ఖర్చు ముందు ఈ పరీక్షల ఖర్చు ఏపాటిది?

నా పీటీహెచ్ ఇప్పుడు 540, మన లెక్కలో. విటమిన్ డి 31కి వచ్చింది. కర్ర లేకుండా బస్టాండు దాకా నడుస్తాను. ఇంటామె బీడీల చాట పక్కన పెట్టి అన్నంలో నాకు గోలీ గుర్తు చేస్తుంది. "పైలం, ముద్దల నడుమ వేసుకో" అంటుంది.

మొన్న రియాద్ నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. మా గదిలో ఉండేవాడే, ఆర్మూర్ దగ్గరి వాడు. అతనికీ మిషన్ మొదలైంది. మడమలు నొస్తున్నాయంటే నేను చెప్పిన పరీక్ష చేయించుకున్నాడు. "అన్నా, విటమిన్ డి 34 ఉంది, నీ కన్న మంచిగనే ఉంది" అన్నాడు. పక్కన ఏం రాసుందో చదవమన్నాను. అక్షరం అక్షరం కూడబలుక్కుని నానోమోల్ అని చదివాడు. రెండున్నరతో భాగించమన్నాను. కాసేపటికి "పదమూడు, పద్నాలుగు నడుమ" అన్నాడు. ఫాస్ఫరస్, కాల్షియం, పీటీహెచ్ అంకెలు కూడా చదివించుకుని రాసుకున్నాను. ఎల్లుండి మిషన్ మీదికి పోయినప్పుడు ఆ నాలుగు కాగితాలూ కలిపి డాక్టరుకు చూపించమని చెప్పాను.